చార్లెస్ మిల్లరు

సాయంకాలమున గంట కొట్టినదే తడవుగా మైదానమునకు పరుగెత్తు మన బాలురకు బ్రెజిలు దేశపు పేరు చెప్ప నక్కరలేదు. ఫుట్‌బాలులో 5 పర్యాయములు ప్రపంచ విజయము గాంచిన దేశమది. ఆ దేశమున ఫుట్‌బాలు విత్తనము నాటిన చేయియే రగ్బీ విత్తనమును గూడ నాటెననియు, ఒకటి మహావృక్షము కాగా రెండవది నూరేండ్లు చిన్న మొక్కగనే యుండెననియు ఎరిగినవారు కొలదిమంది. అందుచే మిల్లరుగారి చరిత్రమును వ్రాయ బూనితిమి.

ఆయన 1874వ సంవత్సరము నవంబరు 24వ తేదీన సావో పౌలో నగరమున జన్మించెను. తండ్రి రైలుమార్గపు పనికై వచ్చిన స్కాట్లండు దేశస్థుడు. తల్లి బ్రెజిలులోని ఆంగ్ల కుటుంబమునకు చెందినది. 1884లో బాలుడు చదువునకై ఇంగ్లండునందలి సౌతాంప్టనుకు పంపబడెను. పదేండ్ల ప్రాయము నిండని బిడ్డను ఓడ యెక్కించిన ఆ తల్లి మనస్సు నెట్టిదో మన పాఠశాల వసతిగృహమున పిల్లలను విడిచి వెళ్లు తలిదండ్రులు గ్రహింపగలరు. పదేండ్ల పిమ్మట, 1894లో, అతడు తిరిగి వచ్చునప్పుడు పెట్టెలో రెండు ఫుట్‌బాలు బంతులును, ఆట నిబంధనల పుస్తకమును ఉండెను.

1895 ఏప్రిలులో రైలు కంపెనీ ఉద్యోగులకును గ్యాసు కంపెనీ వారికిని ఆయన ఏర్పరచిన పోటీలో రైలువారు 4–2 గోళ్లతో గెలిచిరి. ఆ సంవత్సరమే తన ఆంగ్లేయుల క్లబ్బులో రగ్బీ జట్టును గూడ కూర్చెను. రగ్బీ బంతి కోడిగ్రుడ్డు వలె కోలగా నుండును. దానిని చేత బట్టుకొని పరుగెత్తవచ్చును, కాని చేతితో ముందునకు విసరరాదు. ఎదిరి పక్షమువారు పట్టుకొని పడద్రోయుదురు.

ఒకే తోటమాలి నాటిన రెండింటికి ఇంత భేదమేల కలిగెను? మా యభిప్రాయమున, ఫుట్‌బాలు క్లబ్బు కంచె దాటి వీధిలోనికి పోయెను. గుడ్డపీలికల ఉండ యొకటి యున్న చాలును, బీదబాలుడును ఆడగలడు. రగ్బీకి మెత్తని పచ్చిక కావలెను, నిబంధనలు నేర్పువాడు కావలెను. కనుక నది చిరకాలము కంచె లోపలనే యుండిపోయెను.

మిల్లరుగారి జట్టు 1902, 1903, 1904 సంవత్సరములలో సావో పౌలో ఫుట్‌బాలు విజేత యయ్యెను. అయినను 1912లో ఆ క్లబ్బు ఫుట్‌బాలు పోటీలనుండి తప్పుకొనెను. రగ్బీని మాత్రము విడువలేదు! ఆయన 1953 జూను 30న మరణించెను. ఆ నగరమందలి పకయెంబు క్రీడారంగము ముందరి చౌకునకు ఆయన పేరు పెట్టిరి.

మొక్క చిగిర్చినది ఇటీవలనే. రగ్బీలో 15 మంది ఆట గాక, 7 గురి ఆటయు కలదు. ఈ చిన్న ఆట 2016లో రియో ఒలింపిక్కులలో చేరెను. అంతకు ముందటి యేడు టొరంటోలో బ్రెజిలు స్త్రీలు ఈ ఆటయందే కంచు పతకము గెలిచియుండిరి. 2025లో ఇంగ్లండున జరిగిన 15 మంది స్త్రీల ప్రపంచ పోటీకి దక్షిణ అమెరికానుండి మొదటిసారి వెళ్లినవారును వారే. ఆడిన మూడు ఆటలలోను ఓడిరి. కాని ఫ్రాన్సుతో ఆడినప్పుడు వారిలో నొకతె గీత దాటి బంతిని నేల కానించెను. స్త్రీల ప్రపంచ పోటీలో బ్రెజిలు చేసిన మొదటి ట్రై అదియే.