పసుపు లైటు వెనక నెర్న్‌స్ట్

ఫస్టియర్ కెమిస్ట్రీలో నెర్న్‌స్ట్ ఈక్వేషన్ రాయనివాళ్ళు మనలో ఎవరూ ఉండరు. ఎగ్జామ్ అయ్యాక గుర్తున్నవాళ్ళు కూడా దాదాపు ఎవరూ ఉండరు. కానీ ఏ పాత పెట్రోలు బండో డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగించి, ఇంజన్ లీన్‌గా నడుస్తోందని, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని మొత్తుకుంటే, దాని వెనక ఉన్న లెక్క ఆ ఈక్వేషనే.

వాల్టర్ నెర్న్‌స్ట్ 1864 జూన్ 25న బ్రీజెన్ అనే ఊళ్ళో పుట్టాడు. అప్పుడది ప్రష్యా, ఇప్పుడు పోలండ్. నాన్న జడ్జి. జ్యూరిక్, బెర్లిన్, గ్రాట్స్, వుర్ట్స్‌బర్గ్ అంటూ యూనివర్సిటీలు మారుతూ చదివి, 1887లో లైప్‌జిగ్‌లో ఓస్ట్‌వాల్డ్ దగ్గర చేరాడు. 1889కల్లా ఈక్వేషన్ వచ్చేసింది. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు. ఒకే పదార్థం రెండు వైపులా వేర్వేరు గాఢతల్లో ఉంటే మధ్యలో ఎంత వోల్టేజీ పుడుతుంది అన్నదే అందులో విషయం.

తర్వాత గోటింగెన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడే ఉంది. అప్పటి ఎడిసన్ బల్బులో కార్బన్ తీగ, చుట్టూ వాక్యూమ్. నెర్న్‌స్ట్ జిర్కోనియం ఆక్సైడ్‌లో కొంచెం యిట్రియం ఆక్సైడ్ కలిపి చిన్న కడ్డీ చేశాడు. వాక్యూమ్ అక్కర్లేదు, మామూలు గాలిలోనే తెల్లగా వెలుగుతుంది. ఒకటే తలనొప్పి. చల్లగా ఉన్నప్పుడు దానిలో కరెంటు పారదు, ముందు వేడి చేయాలి. స్విచ్ వేసి కాసేపు ఆగాల్సిన దీపం అన్నమాట. అయినా ఏఈజీ కంపెనీ ఆ పేటెంటుని పది లక్షల మార్కులకి కొన్నదని చెబుతారు. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఆ దీపాలు వెలిగాయి. ఇంకో పదేళ్ళకి టంగ్‌స్టన్ తీగ వచ్చి వాటిని మూలకి నెట్టేసింది. డబ్బులు మాత్రం నెర్న్‌స్ట్‌కి ముందే వచ్చేశాయి!

దీపం పోయింది కానీ ఆ పదార్థం పోలేదు. 1976లో బాష్ కంపెనీ చేసిన ఆక్సిజన్ సెన్సర్ వోల్వో కార్లలోకి వచ్చింది. అందులో ఉన్నదీ జిర్కోనియా, యిట్రియానే. ఒక వైపు సైలెన్సర్‌లోకి పోయే పొగ, ఇంకో వైపు బయటి గాలి. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతే రెండు వైపులా తేడా తక్కువ, వోల్టేజీ 0.1 దగ్గర ఉంటుంది. పెట్రోలు ఎక్కువైతే ఆక్సిజన్ మిగలదు, 0.9 దాకా పోతుంది. చల్లగా ఉంటే ఇదీ పని చేయదు, దాదాపు 300 డిగ్రీలు దాటాలి. అందుకే లోపల చిన్న హీటర్ పెడతారు. దీపానికి ఉన్న రోగమే!

టెక్సస్‌లో ఎంఎస్ చేస్తున్న మా పెద్దమ్మ కొడుకు, ఫ్రెండ్స్‌తో కలిసి ఒక పాత మినీవ్యాన్ కొన్నాడు. లీన్ అని పీ0171 కోడ్ వచ్చింది. మెకానిక్ సెన్సర్ మార్చాలన్నాడు. కానీ సెన్సర్‌కి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే, అది ఎక్కడినుంచి వచ్చిందో దానికేం తెలుసు? అన్నయ్య స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ చూశాడు, అంటే కంప్యూటర్ అదనంగా ఎంత పెట్రోలు పోస్తోందో ఆ లెక్క. ఐడిల్‌లో 20 శాతం పైన ఉంది, ఆర్‌పీఎం 2500కి పెంచితే బాగా పడిపోయింది. ఫ్యూయల్ పంపు నీరసపడితే లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరగాలి. ఇది ఉల్టా. అంటే ఎయిర్‌ఫ్లో సెన్సర్ దాటాక ఎక్కడో దొంగగాలి లోపలికి దూరుతోంది. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి ఆ చిన్న దొంగతనం పెద్దగా కనిపిస్తుంది. చూస్తే ఒక వాక్యూమ్ గొట్టం పగిలి ఉంది. సెన్సర్ చెప్పింది నిజమే, పాపం.

నెర్న్‌స్ట్‌కి కూడా కార్లంటే పిచ్చి, జర్మనీలో తొలినాళ్ళలో కారు నడిపినవాళ్ళలో ఒకడు. 1905లో బెర్లిన్ వెళ్ళాడు. అక్కడే థర్మోడైనమిక్స్ మూడో నియమానికి దారి తీసిన సిద్ధాంతం చెప్పాడు, దానికే 1920 నోబెల్. 1913లో ప్లాంక్‌తో కలిసి జ్యూరిక్ వెళ్ళి ఐన్‌స్టీన్‌ని బెర్లిన్‌కి ఒప్పించిందీ ఈయనే.

1914లో యుద్ధం మొదలవగానే యాభై ఏళ్ళ ప్రొఫెసర్ తన కారుతో వాలంటీర్ డ్రైవర్‌గా సైన్యంలో చేరాడు. ఆ తర్వాత శత్రువుల కళ్ళూ ముక్కూ మండించే రసాయనాల షెల్స్ తయారీలో పని చేశాడు. ఇది రాయకుండా వదిలేస్తే బాగుండదు. అదే యుద్ధంలో ఆయన కొడుకులిద్దరూ చనిపోయారు.

ముగ్గురు కూతుళ్ళలో ఇద్దరు యూదుల్ని పెళ్ళి చేసుకున్నారు. నాజీలు వచ్చాక వాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోయారు. నెర్న్‌స్ట్ నాజీలతో రాజీపడలేదు. 1933లో రిటైరై సిబెల్లె అనే పల్లెలో తన ఎస్టేట్‌కి వెళ్ళి చెరువుల్లో కార్ప్ చేపలు పెంచాడు. 1941 నవంబర్ 18న అక్కడే పోయాడు. ఆ కడ్డీలో కరెంటు మోసేది స్ఫటికంలో ఖాళీల గుండా కదిలే ఆక్సిజన్ అయాన్లని కార్ల్ వాగ్నర్ వివరించింది 1943లో, ఆయన పోయిన రెండేళ్ళకి.