కాగితం చేతిలో ఉన్నా నోరు పెగలని బారిస్టరు

డబ్లిన్ నుంచి బార్ట్ రైలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగాలకు వెళ్ళే తెలుగువాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఎంబార్కడెరో స్టేషన్లో దిగి నాలుగడుగులు వేస్తే ఫెర్రీ బిల్డింగ్ వస్తుంది. దాని వెనక, నీళ్ళకి దగ్గరగా, గాంధీగారి విగ్రహం ఉంది. 1988లో పెట్టారు. నేను కొన్నేళ్ళపాటు మధ్యాహ్నం లంచ్ డబ్బా పట్టుకుని ఆ పక్కనే కూర్చునేవాణ్ణి.

ఆ రోజుల్లో నాకో చిక్కు ఉండేది. ఇద్దరితో అయితే గంటలు గంటలు మాట్లాడగలను. మీటింగులో పదిమంది కనిపిస్తే మాత్రం గుండె దడ, చేతులు చల్లబడటం, నోరు తడారిపోవడం. స్లైడ్లన్నీ నేను చేసి, చెప్పే పని పక్క సీటు మిత్రుడికి అప్పగించేవాణ్ణి. మా ఇంట్లో దీనికి పెట్టిన పేరు బిడియం. నోరున్నవాడిదే రాజ్యం అనే దేశానికి వచ్చి ఇలా ఉంటే ఎలారా అని నాన్నగారు బెంగపడేవారు. రోజూ నేను చూస్తున్న ఆ విగ్రహంలోని మనిషి కూడా ఇరవయ్యేళ్ళ వయసులో అచ్చం ఇలాగే కాగితం పక్కవాడి చేతికి ఇచ్చి కూర్చున్నారని ఆయన ఆత్మకథ చదివాక గానీ నాకు తెలియలేదు. ఆ కథ మీతో పంచుకుందామనే ఈ ప్రయత్నం.

బడి గంట కొట్టగానే పరుగు

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న పోర్‌బందర్‌లో పుట్టారు. చిన్నప్పుడు చాలా బెరుకు. గంట కొట్టే వేళకి బడికి చేరడం, బడి వదలగానే ఇంటికి పరుగెత్తడం. ఎవరైనా పలకరిస్తారేమో, ఎగతాళి చేస్తారేమో అని భయం. రాత్రయితే దొంగలు, దయ్యాలు, పాములు గుర్తొచ్చి దీపం లేకుండా నిద్రపట్టేది కాదు. పదమూడేళ్ళకే పెళ్ళయింది. కస్తూర్బాకి ఈ భయాలేవీ లేవు. ఆమె ముందు తన భయం బయటపడుతుందేమోనని మరింత సిగ్గుపడేవాడు.

1888లో లండన్ ప్రయాణం ఖాయమైనప్పుడు రాజ్‌కోట్‌లో తను చదివిన హైస్కూలువాళ్ళు వీడ్కోలు సభ పెట్టారు. కృతజ్ఞతగా నాలుగు ముక్కలు రాసుకుని వెళ్ళాడు. అవి చదవడానికి లేస్తే తల తిరిగింది, ఒళ్ళంతా వణికింది.

ఆ సెప్టెంబరులో ఓడ ఎక్కాక మరో అవస్థ. తోటి ప్రయాణికులతో ఇంగ్లీషులో మాట్లాడాలంటే భయం. కత్తి, ఫోర్కు పట్టుకోవడం రాదు. ఏ వంటకంలో మాంసం లేదో అడగడానికి నోరు రాదు. దాంతో భోజనాల బల్ల దగ్గరికే వెళ్ళకుండా ఇంటినుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పళ్ళతో కేబిన్లోనే కాలక్షేపం చేశాడు. అమెరికా వచ్చిన మొదటి నెలలో ఆర్డరు చెప్పడం ఇబ్బందై రూములో మ్యాగీ వండుకున్నవాళ్ళకి ఈ దృశ్యం కొత్తేమీ కాదు!

లండన్లో మూగనోము

లండన్లో గాంధీగారు శాకాహార సంఘంలో చేరారు. కార్యవర్గ సభ్యుడయ్యారు. ఆ సంఘం పత్రికకి చక్కటి ఇంగ్లీషులో వ్యాసాలు రాశారు. అంటే భాష రాక కాదు, చెప్పడానికి విషయం లేకా కాదు. కార్యవర్గ సమావేశాలన్నిటికీ వెళ్ళేవారు, ఒక్కదానిలోనూ నోరు విప్పేవారు కాదు. తనతో విడిగా బాగానే మాట్లాడే మనిషి అక్కడ మౌనమెందుకు పాటిస్తున్నాడని డాక్టర్ ఓల్డ్‌ఫీల్డ్ అనే మిత్రుడు ఆశ్చర్యపోయాడు కూడా.

ఒకసారి డాక్టర్ ఆలిన్సన్ అనే సభ్యుణ్ణి తొలగించాలన్న చర్చ వచ్చింది. సంతాన నిరోధం గురించి ఆయన అభిప్రాయాలు అధ్యక్షుడికి నచ్చలేదు. గాంధీగారికి ఆ అభిప్రాయాలతో ఏకీభావం లేకపోయినా, ఆ కారణంగా ఒక సభ్యుణ్ణి పంపేయడం అన్యాయమనిపించింది. తన మాట కాగితం మీద పెట్టి తీసుకెళ్ళారు. అది చదివే ధైర్యం కూడా చాలలేదు. అధ్యక్షుడు ఇంకొకరి చేత చదివించారు. ఆలిన్సన్ పక్షం ఓడిపోయింది.

వెంట్నర్ అనే ఊళ్ళో మరో సభ. ఒకే ఒక్క పేజీ ఉపన్యాసం. లేచి నిలబడగానే కళ్ళు మసకబారాయి, కాళ్ళు వణికాయి. ఆయన మిత్రుడు మజుందార్ అందుకుని చదివేశాడు. 1891లో బారిస్టరు పట్టా పుచ్చుకుని దేశానికి బయలుదేరే ముందు మిత్రులకి విందు ఇచ్చారు. హాస్యంగా మొదలుపెడదామని ఒక చిన్న కథ కంఠతా పట్టారు. మొదటి వాక్యం దగ్గరే అంతా మరిచిపోయి, వచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి కూర్చుండిపోయారు.

ముప్పై రూపాయల కేసు

అసలు దెబ్బ బొంబాయిలో తగిలింది. స్మాల్ కాజెస్ కోర్టులో మమీబాయి అనే ఆమె తరఫున మొదటి కేసు వచ్చింది, ఫీజు 30 రూపాయలు. అవతలి సాక్షుల్ని ప్రశ్నించాలి. లేచారు. గుండె జారిపోయింది, కోర్టంతా గిర్రున తిరిగినట్టయింది, ఒక్క ప్రశ్న కూడా తట్టలేదు. కూర్చుండిపోయి, ఫీజు తిరిగి ఇచ్చేసి, ఇంకో వకీలుని పెట్టుకోమని చెప్పారు. కేసు గెలిచిందో ఓడిందో తెలుసుకోకుండానే కోర్టు నుంచి గబగబా బయటపడ్డారు. ధైర్యం వచ్చేదాకా కేసులు తీసుకోకూడదని నిశ్చయించుకున్నారు. తర్వాత రాజ్‌కోట్‌లో అర్జీలు రాసిపెట్టి నెలకి 300 రూపాయల దాకా సంపాదించారు. డబ్బు వచ్చింది, ధైర్యం మాత్రం రాలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. తప్పించుకున్న ప్రతిసారీ గుండె దడ తగ్గుతుంది, హాయిగా ఉంటుంది. ఆ హాయి వల్లే మన మెదడు ఒక తప్పుడు పాఠం నేర్చుకుంటుంది: పారిపోబట్టి బతికాను, లేకపోతే ఏమయ్యేదో అని. అందుకే మరుసటిసారి భయం ఇంకాస్త పెద్దదవుతుంది. ధైర్యం వచ్చాక వెళ్దామని కూర్చుంటే అది రాదు. వెళ్ళగా వెళ్ళగా వస్తుంది.

ప్రిటోరియాలో తొలి మాట

1893లో గాంధీగారు ఒక వ్యాపార సంస్థ దావా పనిమీద దక్షిణాఫ్రికా వెళ్ళారు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో రైల్లోంచి తోసేసిన సంగతి మనందరికీ తెలుసు. ఆ తర్వాత ప్రిటోరియాలో జరిగింది అంతగా ఎవరూ చెప్పుకోరు. అక్కడి భారతీయుల్ని ఒక వ్యాపారి ఇంట్లో సమావేశపరిచారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మెమన్ వర్తకులు. వ్యాపారంలో నిజాయితీ గురించి గాంధీగారు మాట్లాడారు. తన జీవితంలో అదే తొలి బహిరంగ ఉపన్యాసమని ఆయనే రాసుకున్నారు.

ఏం మారింది? వచ్చినవాళ్ళు కొద్దిమంది. ఇల్లు తెలిసినవాళ్ళది. విషయం బాగా చదువుకున్నది. అన్నిటికంటే ముఖ్యంగా, తను ఎలా కనిపిస్తున్నానన్న ధ్యాస పోయి ఎదుటివాళ్ళ కష్టం మీదికి మనసు మళ్ళింది. అక్కడితో ఆపలేదు. ఆ సమావేశాలు తరచూ జరిగేలా చూశారు. ఇంగ్లీషు నేర్చుకుంటామన్న ముగ్గురికి, వాళ్ళు పనిచేసే చోటికే వెళ్ళి నేర్పారు. కొన్నాళ్ళకి ప్రిటోరియాలో ఆయనకి తెలియని భారతీయుడు లేడు. మరుసటి ఏడాది, 1894లో, నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టారు.

మళ్ళీ వణుకు

ఇక్కడితో శుభం అనుకుంటే పొరపాటు. 1896లో దేశానికి వచ్చి బొంబాయి సభలో దక్షిణాఫ్రికా భారతీయుల కష్టాలు చెప్పాలని లేచారు. ఎదురుగా ఫిరోజ్‌షా మెహతా, కిక్కిరిసిన హాలు. చేతిలో అచ్చువేసిన ఉపన్యాసం ఉంది. అయినా వణుకు వచ్చింది, గొంతు పూడుకుపోయింది. చివరికి దిన్‌షా వాచా చదివారు. మూడేళ్ళ అనుభవం తర్వాత కూడా!

అయినా ప్రయాణం ఆపలేదు. అక్టోబరులో మద్రాసు వెళ్ళారు. నేటాల్ చెరకు తోటలకి కూలీలుగా వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. పచ్చయప్ప హాలులో ఆయన పొడుగాటి ఉపన్యాసాన్ని జనం ప్రతి మాటా శ్రద్ధగా విన్నారు. 1901 కలకత్తా కాంగ్రెస్‌లో మళ్ళీ వణుకుతూనే తీర్మానం చదివారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమై తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని నిర్ణయించింది. ఆ ఊళ్ళో గాంధీగారి కోసం తరలివచ్చిన జనం ముందు నిలబడిన మనిషీ, ముప్పై రూపాయలు తిరిగిచ్చి కోర్టు నుంచి పారిపోయిన మనిషీ ఒక్కరే. 1931 సెప్టెంబరులో లండన్ నుంచి రేడియోలో అమెరికా ప్రజలతో కూడా మాట్లాడారు.

బిడియం పూర్తిగా పోలేదని తన ఆత్మకథలో ఒప్పుకున్నారు. కొత్తవాళ్ళ ముందు మాట్లాడాలంటే ఇంకా వెనకాడతానని, అయితే అది మాటల పొదుపు నేర్పిందని అన్నారు. 1948 జనవరి 30న కన్నుమూసేనాటికి ఆ పొదుపైన మాటలే దేశాన్ని నడిపించాయి.

మరి మన సంగతి?

పోయినవాళ్ళకి పుస్తకం చూసి జబ్బు పేరు పెట్టడం వైద్యం కాదు. కానీ ఆయన రాసుకున్న లక్షణాలు నేటి డాక్టర్లు సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అనే సమస్యకి దగ్గరగా ఉంటాయి. అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోకి ఇది సోషల్ ఫోబియా పేరుతో 1980లో చేరింది. అమెరికాలో సుమారు 12 శాతం పెద్దవాళ్ళు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడతారని ఇక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ లెక్క.

బిడియానికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? నలుగురూ మనల్ని తూకం వేస్తారన్న భయం ఆరునెలలు దాటి ఉంటే, దానివల్ల మీటింగులూ పెళ్ళిళ్ళూ ఫోన్లూ తప్పించుకుంటూ ఉంటే, ప్రమోషనో స్నేహమో చేజారుతుంటే, అది స్వభావం అని సరిపెట్టుకోకండి. ముందు ఫ్యామిలీ డాక్టర్ని కలవండి. థైరాయిడ్, రక్తహీనత, గుండె లయలో తేడా, మితిమీరిన కాఫీ కూడా దడ పుట్టించగలవు కనుక వాటిని చూస్తారు. తర్వాత కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి పంపవచ్చు. అందులో ముఖ్యభాగం, భయపడే పనుల్ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా మెట్లుగా పేర్చి, తప్పించుకోకుండా ఒక్కొక్కటే ఎక్కడం. గాంధీగారు ప్రిటోరియాలో తెలియకుండా చేసింది దాదాపు ఇదే! అవసరమైతే సెర్ట్రలీన్ వంటి మందులు ఇస్తారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, డాక్టరుకి చెప్పకుండా ఆపకూడదు. పార్టీలో రెండు పెగ్గులు పడితే మాట వస్తుందనుకోవడం మాత్రం ప్రమాదకరమైన వైద్యం.

చాలా కంపెనీల్లో ఉద్యోగుల సహాయ పథకం కింద కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితం. మీరేం మాట్లాడారో మేనేజరుకి చెప్పరు. బతకాలనిపించనంత దిగులుగా ఉంటే ఇక్కడ 988కి, ఇండియాలో ఉన్నవాళ్ళయితే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు. టెలీ మానస్‌లో తెలుగులోనూ మాట్లాడతారు.

నేను మొదటి మెట్టుగా మా టీములో ముగ్గురి ముందు రెండు నిమిషాలు మాట్లాడాను. గొంతు వణికింది, ఎవరూ నవ్వలేదు. ఏడాది తర్వాత నా స్లైడ్లు నేనే చెప్పాను. ఇప్పటికీ దడ ఉంటుంది, కానీ కాగితం పక్కవాడికి ఇవ్వడం లేదు.

గాంధీగారికి ఆ రోజుల్లో చూపించుకోవడానికి డాక్టరు లేడు, పేరు పెట్టడానికి మాట లేదు. మనకి రెండూ ఉన్నాయి. మీ ఇంట్లో బడి నుంచి నేరుగా గదిలోకి పరుగెత్తే పిల్లాడుంటే, సిగ్గరి అని నవ్వకుండా ఒకసారి పక్కన కూర్చుని అడగండి.