బేగంపేట ప్రయోగశాలలో రోనాల్డ్ రాస్

చలిజ్వరం మన పల్లెలకు పాత చుట్టం. నేడు కామారెడ్డిలోగాని, ఎల్లారెడ్డిలోగాని జ్వరపీడితుడు దవాఖానాకు పోతే, అతని వేలికొసనుండి ఒక రక్తబిందువు తీసి, గాజుపలకపై పూసి, సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. చూడడానికి అది అల్పమైన పని. కాని ఆ బిందువును ఇచ్చేవానికీ, తీసేవానికీ గూడ అందులో అపాయం పొంచి ఉంటుంది. మలేరియా పుట్టుకను తెలిపిన మహనీయులలో ఒకడు మనకు ఎంతో దూరాన గాక, బేగంపేటలోనే కూర్చుండి పనిచేసినాడు. ఆయన సర్ రోనాల్డ్ రాస్. లోకం ఆయన ఆవిష్కారాన్ని తలచుకొంటుంది. ఆ ఆవిష్కారం వెనుకనున్న జాగ్రత్తను, అందులో లోపించిన జాగ్రత్తను గూడ తలచుకోవడం విద్యార్థులకు మేలు.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోడాలో జన్మించినాడు. తండ్రి సైన్యాధికారి. బాలునికి కవిత్వం మీద, చిత్రలేఖనం మీద మనసు. తండ్రి మాత్రం వైద్యవిద్యలో చేర్పించినాడు. 1881లో రాస్ భారత వైద్యసేవలో ప్రవేశించి మద్రాసుకు వచ్చినాడు. అంతకు ఒక సంవత్సరం ముందే లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు మలేరియా రోగుల రక్తంలో ఒక సూక్ష్మజీవిని కనుగొని ఉన్నాడు. రాస్ చాలకాలం ఆ మాట నమ్మలేదు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ ఆ జీవిని కళ్లకు చూపిన తరువాతనే ఆయన సందేహం తీరింది. ఆ జీవికీ దోమకూ సంబంధం ఉండవచ్చునని మాన్సన్ ఊహ. దానిని రుజువు చేయవలెనన్న పట్టుదలతో రాస్ 1895లో సికింద్రాబాదు చేరినాడు.

తొలినాటి ప్రయోగాలలో ఒకటి నేటి మనసులకు కష్టం కలిగిస్తుంది. దోమలు పడి చచ్చిన నీటివల్ల జ్వరం వస్తుందేమోనని, అట్టి నీటిని మనుషులచేత త్రాగించినాడు. ఒకనికి జ్వరం వచ్చింది గాని త్వరలోనే తగ్గింది. తక్కినవారికి రాలేదు. ఊహ వీగిపోయింది. జ్ఞానం కోసం పరుల శరీరాన్ని అపాయంలో పెట్టే హక్కు శాస్త్రజ్ఞునికి ఎంతవరకు ఉన్నది? ఆ కాలంలో ఈ ప్రశ్న వేసినవారు తక్కువ. అపాయం రాస్‌ను గూడ విడువలేదు. 1897లో ఉదకమండలం దిగువనున్న సీగూరు కనుమలో పరిశోధన చేస్తూ, దోమతెరలో పడుకొన్నప్పటికీ తానే మలేరియాతో మంచం పట్టినాడు.

కోలుకొని ఆ యేడే సికింద్రాబాదుకు తిరిగి వచ్చినాడు. బయట పట్టిన దోమ అంతకుముందు ఎవరిని కుట్టిందో ఎవరికి తెలుసు? అందుచేత దోమపిల్లలను నీటితోసహా తెచ్చి, సీసాలలో పెంచి, ఎవరినీ కుట్టని దోమలను ప్రయోగానికి వాడినాడు. ఆగస్టు 16న హుస్సేన్‌ఖాన్ అనే రోగిని తెరలో పడుకోబెట్టి, చుక్కల రెక్కల దోమలచేత కుట్టించినాడు. దోమకొక అణా చొప్పున అతనికి ముట్టజెప్పినాడు. ఆ పిమ్మట దినదినమూ దోమలను కోసి చూచినాడు. భరించరాని ఉక్క. పంకా వేస్తే కోసిన దోమ భాగాలు ఎగిరిపోతవి; కనుక పంకా లేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవి.

ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో గుండ్రని కణాలు కనబడినవి. వాటిలో నల్లని రేణువులు! మలేరియా జీవిలో ఉండే రేణువులూ అటువంటివే. మరునాడు కోసిన దోమలో ఆ కణాలు మరింత పెరిగి ఉన్నవి. ఏ దోమ ఏనాడు ఎవరిని కుట్టిందో లెక్క ఉన్నది గనుకనే ఆ పెరుగుదలకు అర్థం ఏర్పడింది. లెక్క తప్పి ఉంటే ఆ కణాలు చేతికి చిక్కి గూడ జారిపోయి ఉండేవి.

1898లో రాస్ కలకత్తాకు పోయినాడు. ప్లేగు భయంతో అక్కడి జనం వేలు పొడిపించుకోవడానికి ఒప్పుకోలేదు. ప్రజల విశ్వాసం లేనిచోట ప్రయోగశాల తలుపులు తెరచినా మూసినట్లే. ఆయన పక్షుల మలేరియా వైపు మరలి, మహమ్మద్ బక్ష్ అనే సహాయకుని తోడ్పాటుతో, రోగబీజం దోమ లాలాజల గ్రంథులను చేరుతుందని నిరూపించినాడు. మనుషుల మలేరియాలో ఈ క్రమాన్ని ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాస్సీ, ఆయన సహచరులు అదే సంవత్సరం నిర్ధారించినారు. 1899లో రాస్ లివర్‌పూల్ ఉష్ణమండల వైద్యపాఠశాలలో ఉపాధ్యాయుడై, 1902లో నోబెల్ బహుమానం పొందినాడు. ఆ పాఠశాల నుండి పరిశోధనకు వెళ్లిన వాల్టర్ మైయర్స్ 1901లో బ్రెజిలులో పచ్చజ్వరానికి, జోసెఫ్ డట్టన్ 1905లో కాంగోలో తాము పరిశోధిస్తున్న జ్వరానికి బలియైనారు. ఇద్దరూ యువకులే. రాస్ 1932 సెప్టెంబరు 16న లండనులో కన్నుమూసినాడు.

ఆ మరణాలు నేర్పిన పాఠాలే నేటి ప్రయోగశాల నియమాలు. రక్తాన్ని ముట్టేముందు చేతితొడుగులు ధరించవలె. ద్రవాన్ని గొట్టంతో నోట పీల్చరాదు. వాడిన సూదికి తిరిగి మూత పెట్టరాదు. గుచ్చుకొనని గట్టి డబ్బాలో వెంటనే పడవేయవలె. బల్లవద్ద తినరాదు, త్రాగరాదు. పని ముగిసిన వెంటనే చేతులు సబ్బుతో కడుగవలె. సూది గుచ్చుకొన్నచో దాచక, కడుగుకొని, పైవారికి తక్షణమే తెలుపవలె. ఏలనగా కామెర్లను కలిగించే వైరస్, ఎయిడ్స్ వైరస్ అట్టి చిన్న గాయం గుండానే ప్రవేశింపగలవు. ప్రతి గాజుపలకపై రోగి గుర్తు వ్రాయవలె. ఒకరి రక్తం మరొకరి పేర చేరితే, గాయం లేకుండానే ప్రాణహాని కలుగవచ్చు.

2023లో కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైంది. మన పాఠశాలల బాలబాలికలు కొందరు రేపు అక్కడి ప్రయోగశాలలలో నిలుస్తారు. దోమల విషయంలో రాస్ చూపిన శ్రద్ధను వారు నేర్వవలె. మనుషుల విషయంలో ఆ కాలం చూపని శ్రద్ధను గూడ దానికి జోడించవలె. గాజుపలకపైనున్న బిందువు ఒక మనిషిది. దానిని పట్టిన చేయి మరొక మనిషిది. ఆ ఇద్దరి క్షేమాన్నీ కాపాడేదే నిజమైన శాస్త్రం.