సలీం అలీ చేతిలో తుపాకీ



జనగామ చెరువు కట్టల మీద, మహబూబాబాద్ మామిడి తోటల్లో, భూపాలపల్లి అడవి పక్క ఊళ్లలో సెలవులు గడిపి వచ్చే మన పిల్లల్లో ఎవరో ఒకరి స్కూల్ బ్యాగులో గులేరు కనిపిస్తూనే ఉంటుంది. మీ అబ్బాయి బ్యాగులో దొరికితే మీరేం చేస్తారు? లాక్కుని నాలుగు మాటలు అంటారు. నేనూ అదే చేశాను. ఆ సాయంత్రమే సలీం అలీ గుర్తొచ్చారు.

పక్షి శాస్త్రవేత్తగా ఆయన పేరు మీరు జీకే పుస్తకాల్లో చూసే ఉంటారు. ఆయన మొదట వేటగాడే. 1896లో ముంబైలో పుట్టారు. ఏడాది వయసుకే తండ్రి, మూడేళ్లకు తల్లి పోతే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. ఎయిర్‌గన్ కొనిచ్చింది ఆ మేనమామే. పెద్దయ్యాక పెద్ద జంతువులను వేటాడాలని కుర్రాడి కల. అప్పటిదాకా పిచ్చుకలతో సరిపెట్టుకునేవాడు. గుర్రాల కొట్టంలో ఒక గూటి దగ్గర కాపు కాసి, వారం రోజుల్లో ఎనిమిది మగ పిచ్చుకలను కొట్టాడు. ఒకటి పడగానే ఆడ పిచ్చుక మరో జోడును తెచ్చుకునేది! చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. అయితే ఆ పిల్లవాడు ఈ సంగతంతా నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు.

ఒకరోజు కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇది తినొచ్చా అని మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియక, చీటీ రాసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ కుర్రాడిని కసురుకోలేదు. ఆ పిట్ట పేరు చెప్పి, అల్మరాలు తెరిచి వందల పక్షుల నమూనాలు చూపించారు, పుస్తకాలిచ్చారు. ఎన్ని కొట్టానన్న లెక్క పోయి, ఇదేం పిట్ట అన్న ప్రశ్న మొదలైంది అప్పుడే.

మార్కుల గురించి కంగారుపడే వారికి ఒక మాట. సలీం అలీ లెక్కలకు భయపడి కాలేజీ మానేశారు. డిగ్రీ లేదని జువలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. (మా మ్యాథ్స్ సార్ ఈ పేరా చదవకుంటే బాగుండు.) దొరికిన మ్యూజియం ఉద్యోగం కూడా 1930లో పోయింది. భార్య తెహ్మినాతో సముద్రం ఒడ్డున కిహిమ్ అనే ఊరు చేరి, నిచ్చెన మీద కూర్చుని గిజిగాడి గూళ్లను నెలల తరబడి చూశారు. మగపిట్ట గూడు సగం కడుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చితేనే ఉంటుంది. తర్వాత మగపిట్ట ఇంకో గూడు మొదలుపెడుతుంది. ఇదంతా తుపాకీతో తెలిసే విషయం కాదు.

అలాగని ఆయన తుపాకీని పారేయలేదు. 1931-32లో నిజాం రాజ్యంలో, అంటే మన ప్రాంతమూ ఉన్న రాజ్యంలో, పక్షుల సర్వే చేసినప్పుడు నమూనాల కోసం కాల్చారు. శాస్త్రానికి అది తప్పదని తర్వాత కూడా సమర్థించుకున్నారు. ఇక్కడ నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, దాచి రాయడం మాత్రం ఇష్టం లేదు.

భరత్‌పూర్ చిత్తడి నేలలో 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చింది. 1960ల్లో అదే చోట సలీం అలీ బృందం పక్షులను వలలతో పట్టి, కాళ్లకు ఉంగరాలు తొడిగి వదిలింది. ఎక్కడికి వెళ్తాయో తెలియాలంటే పిట్ట బతికుండాలి మరి.

ఆయనకు 89 ఏళ్లున్నప్పుడు, 1986 జనవరిలో, ఎప్పుడో అంతరించిందనుకున్న కలివికోడి మన కడప జిల్లాలో దొరికింది. 1900 తర్వాత దాన్ని చూసినట్టు దాఖలా లేదు. వెతికింది ఆయన సొసైటీ వాళ్లే. రాత్రిపూట టార్చిలైటుతో దాన్ని ప్రాణాలతో పట్టిచ్చింది మాత్రం అక్కడి ఊరి వేటగాడు. తర్వాత ఆ పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. సలీం అలీ 1987లో కన్నుమూశారు.

ఆ గులేరు ఇంకా నా టేబుల్ సొరుగులోనే ఉంది. సోమవారం ఆ బాబును పిలిచి, కొట్టిన పిట్ట ఏ రంగులో ఉందో, దాని పేరేమిటో అడగాలి. పేరు నాకూ తెలియకపోతే ఇద్దరం కలిసి లైబ్రరీకి వెళ్తాం.