ఆదివణ్ శఠకోప యతీంద్రులు

మానవజన్మ దుర్లభమని పెద్దలందరును చెప్పుచున్నారు. లభించిన జన్మము చక్కగా గడచినదో లేదో తూచుటకు త్రాసు ఏది? ధనమా, పాండిత్యమా, రాజుల మెప్పా? ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలమునకు వచ్చు భక్తులు ఈ ప్రశ్నతో మఠస్థాపకులైన ఆదివణ్ శఠకోప జియ్యరుగారి చరిత్రను ఒకమారు స్మరింపవలెను.

గురుపరంపర ననుసరించి వారు 1379లో మేలుకోటయందు అవతరించిరి. పూర్వాశ్రమనామము శ్రీనివాసాచార్యులు. కాంచీపురమున ఘటికాశతం అమ్మాళ్ సన్నిధిని వేదాంతము నభ్యసించిరి. ఇరువదియేండ్ల ప్రాయమునకే అట్టి విద్య సిద్ధించినది. ఇక సభలు, సత్కారములు, శిష్యులు. కంచిలోనే సుఖముగా గడచిపోదగిన జీవితము. అంతలో నృసింహుడు స్వప్నమున అహోబిలమునకు రమ్మని యానతిచ్చెను. 1398లో ఈ నల్లమల యడవియందు స్వామియే యతిరూపమున వచ్చి త్రిదండకాషాయముల నొసగెనని సంప్రదాయము. నవనారసింహులలో మాలోలుని ఉత్సవమూర్తి వారి చేతులలోనికి వచ్చెను. ఆ మూర్తితో ఊరూర సంచరించి, కోరినవారికెల్ల శరణాగతి ననుగ్రహింపుమని ఆజ్ఞ. పండితుడు పీఠముపై కూర్చుండుటకు మారుగా పల్లెదారి పట్టెను.

పాఠశాలలో చదువుకొను నాడు నేనును, ఎన్ని గ్రంథములు కంఠస్థమైనవను లెక్కతోనే మనుష్యులను కొలిచెడివాడను. ప్రపత్తిశాస్త్రము ఆ కొలతను త్రోసివేయును. భక్తియోగమునకు జ్ఞానము, శక్తి, అధికారము కావలెను. ప్రపత్తికి తనకు వేరు దిక్కు లేదను ఎరుక చాలును. ఆ యెరుక పండితునకెంత సాధ్యమో అడవిలోని చెంచునకును అంతే సాధ్యము. ఒక్కొక్కప్పుడు పండితునకే కష్టము! అంతమాత్రమున కొలతయే లేదనరాదు. ఆనుకూల్యసంకల్పము, ప్రాతికూల్యవర్జనము అని ప్రపత్తికి అంగములు గలవు. భగవంతునకు ప్రియమైనది చేయుదుననియు, ఏ ప్రాణికిని కీడు తలపననియు నిశ్చయించుకొనుట. ఇది లోపలి భావమే యైనను, నడతలో ఇరుగుపొరుగువారికి కనబడక మానదు.

తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) ఈ యతీంద్రుల సన్నిధిని వేదాంతము నేర్చిరని మనుమడు చిన్నన్న రచించిన చరిత్ర తెలుపుచున్నది. సాళువ నరసింహరాయలు తనపై పదము చెప్పుమని కోరగా నిరాకరించి, సంకెళ్ళకైనను వెరవని శిష్యుడాయన. రాజుల మెప్పు ఎంత తూగునో అచ్చటనే తేలినది.

నేటికిని మాలోలుడు పీఠాధిపతుల వెంట సంచరించుచునే యున్నాడు. సంక్రాంతి పిదప అహోబిలేశుని పల్లకి పారువేటకు బయలుదేరును. ఈ యుత్సవమును ఆది జియ్యరే ప్రారంభించిరని స్థానికుల విశ్వాసము. చెంచులక్ష్మిని చేపట్టిన స్వామి చెంచులకు అల్లుడు. నలుబది దినములకు పైగా ముప్పదికి మించిన గ్రామములు తిరిగి, తన కల్యాణమునకు రండని ఆ స్వామియే గడపగడపకు వెళ్ళి పిలుచును.