బోదకాలు మందు నిచ్చిన తెలుగువాడు: డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు

మన వరంగల్లు ప్రాంతములో బోదకాలుతో బాధపడువారిని చూడనివారు తక్కువ. ఉర్దూ మాటలాడు మిత్రులు దీనినే ఫీల్‌పా అంటారు, అనగా ఏనుగుపాదము. ఈ వ్యాధి నివారణకై ప్రభుత్వ సిబ్బంది ఇంటింటికి తిరిగి పంచిన డి.ఇ.సి. మాత్రలను మాలో పలువురము మ్రింగియే ఉన్నాము. ఆ మాత్ర వెనుక నొక తెలుగువాడున్నాడని మాత్రము చాలకాలము ఎరుగము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నమున గాని ఉత్తీర్ణులు కాలేదు. (పరీక్ష తప్పిన సోదర విద్యార్థులు ఈ వాక్యమును మరియొకసారి చదువవచ్చును.) మద్రాసు వైద్య కళాశాలలో చదువునపుడు గాంధీజీ పిలుపు ననుసరించి ఖద్దరు ధరించి శస్త్రచికిత్సకు హాజరైనందున ఆచార్యుని ఆగ్రహమునకు గురియైనారు. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చినది.

ఆయన జీవితమును మలచినది వ్యాధియే. స్ప్రూ అను గ్రహణివంటి రోగమున ఇద్దరు సోదరులు కొద్ది దినముల వ్యవధిలో కన్నుమూశారు. అదే రోగము తమకును సోకగా, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స బ్రతికించినది. పిమ్మట మద్రాసులో వారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రమును బోధించారు.

నేలవేము, తిప్పతీగ, వేప వంటివి జ్వరములకు వాడుట మన ఇండ్లలో అనాదిగా ఉన్నదే. కాని కషాయములో పనిచేయు పదార్థమేది, దాని మోతాదెంత? 1820లో సింకోనా పట్టనుండి క్వినైన్‌ను వేరుచేసిన తరువాతనే మలేరియా మందును కచ్చితముగా తూచి ఇచ్చుట సాధ్యమైనది. సుబ్బారావు గారు ఎన్నుకొన్న మార్గమును ఇటువంటిదే.

మామగారి సహాయముతోను, కాకినాడలోని ఒక ధర్మసంస్థ విరాళముతోను అమెరికా చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యము చదివారు. పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను కడిగారు. జీవకణములకు శక్తి నందించు ఏ.టి.పి.ని ఫిస్క్‌తో కలిసి 1929లో వెల్లడించినను, హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి లభింపలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరారు.

అక్కడ 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. 1941లో శాస్త్రజ్ఞులు పాలకూరనుండి దీనిని వేరుచేసి, ఆకు అను అర్థముగల లాటిన్ పదముతో నామకరణము చేశారు. సోదరులను బలిగొన్న స్ప్రూ రోగమునకు ఈ ఆమ్లమే ముఖ్యమైన మందైనది.

రెండవ ప్రపంచ యుద్ధములో పసిఫిక్ దీవులలోని అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకుటచే దానికి మందు వెదుకుట అత్యవసరమైనది. ఫైలేరియా సోకిన ఎలుకలపై అనేక రసాయనములను పరీక్షింపగా 1947లో హెట్రజాన్, అనగా మన డి.ఇ.సి., వెలువడినది. ఇది మూలికనుండి రాలేదు, పైపరజీన్ అను రసాయనమునుండి పుట్టినది. మూలికాభిమానులకు ఈ మాట రుచింపకపోవచ్చును. అట్లని పసరు వైద్యమును పరిహసించువారిదియు తొందరపాటే. 1970లలో చైనా శాస్త్రవేత్త తూ యూయూ ప్రాచీన గ్రంథము నాధారముగా గొని, మాచిపత్రి జాతి మొక్కనుండి మలేరియా మందైన ఆర్టెమిసినిన్‌ను సాధించి 2015లో నోబెల్ బహుమతి నందుకొన్నారు.

డి.ఇ.సి. ముదిరిన వాపును తగ్గింపజాలదు. రక్తములోని సూక్ష్మక్రిములను నశింపజేసి, దోమ ద్వారా మరియొకరికి వ్యాధి చేరకుండ కాపాడును. ఏటేట మాత్రలు పంచుటలోని ఉద్దేశమిదియే.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, న్యూయార్కులో నిద్రలోనే మరణించారు. స్వదేశమునకు ఒక్కసారియైన తిరిగి రాలేదు. ఓడ యెక్కిననాడు వీడ్కోలు పలికిన భార్య శేషగిరి గారు ఆయనను మరల చూడనే లేదు.