అడా లవ్‌లేసు

నేటి విద్యార్థి కృత్రిమ మేధను ప్రశ్నించిన క్షణములో సమాధానము వచ్చుచున్నది. అది యెట్లు వచ్చెనో విచారించువారు కొందరే. యంత్రము పనిచేయు విధమును చిన్ననాటనే గ్రహింపగోరిన యొక వనిత చరిత్ర మిచ్చట సంగ్రహముగా వ్రాయబడినది.

అడా 1815 డిసెంబరు 10వ తేదీన లండను నగరమున జన్మించెను. సుప్రసిద్ధ ఆంగ్లకవి బైరను ప్రభువు ఆమె తండ్రి. ఆమె నెలనాళ్ల శిశువై యుండగానే తలిదండ్రులు వేరైరి. తండ్రిని ఆమె మరల చూడలేదు. గణితమందు ప్రీతిగల తల్లి కుమార్తెకు బాల్యమునుండియు ఆ విద్యనే నేర్పించెను. పదుమూడవ యేట తట్టు సోకి కాళ్లు చచ్చుబడగా అడా చాలకాలము చంకకఱ్ఱలతో నడచెను. చదువు మాత్రము విడువలేదు.

1833లో, పదునేడేండ్ల వయసున, ఆమె చార్లెసు బాబేజి యింట గణనయంత్ర భాగమొకదానిని చూచెను. పలువురకు అది వింతవస్తువు మాత్రమే. అడా దాని చక్రములు లెక్కచేయు క్రమమును తెలిసికొనెను.

పిమ్మట బాబేజి మఱియొక గొప్ప యంత్రమును ఊహించెను. పట్టుమగ్గములందువలె చిల్లులుగల అట్టలు దానికి ఆజ్ఞలిచ్చును. దానినిగూర్చి మెనబ్రియా ఫ్రెంచిభాషలో వ్రాసిన వ్యాసమును అడా 1843లో ఆంగ్లీకరించి, మూలమునకు సుమారు మూడింతల వ్యాఖ్య చేర్చెను. అప్పటికామె ముగ్గురు బిడ్డల తల్లి. బెర్నూలీ సంఖ్యలను యంత్రము కనుగొనవలసిన విధమును అందు మెట్టుమెట్టుగా పట్టికవేసెను. ఇట్టి క్రమమునే ఆల్గరిథమందురు. యంత్రము తనంతట నూతనముగ దేనిని కల్పింపజాలదనియు, మన మాజ్ఞాపింప నేర్చినదానినే చేయుననియు ఆమె యభిప్రాయము. అచ్చుపడిన పట్టికలో ఒకచోట భాగహారము తలక్రిందైనది. యంత్రము నిర్మింపబడియున్నచో ఆ తప్పును సైతము నమ్మకముగా నెరవేర్చియుండును!

ఆమె జీవితము నిర్దోషమని చెప్పరాదు. గుఱ్ఱపుపందెములందు మిక్కిలి ధనము పోగొట్టుకొనెను. లెక్క తెలియుట వేఱు, వివేకము వేఱు. 1852 నవంబరు 27వ తేదీన, ముప్పదియాఱేండ్ల ప్రాయమున, కాన్సరువ్యాధిచే మరణించెను. ఆమె కోరికమేరకు తండ్రి సమాధిచెంతనే ఖననము చేసిరి.

ఆ యంత్రము పూర్తికాలేదు. నేటి కృత్రిమ మేధ, ఆజ్ఞలతోనేగాక, లెక్కలేని యుదాహరణములనుండి నేర్చుకొనుచున్నది. కావున అడా యభిప్రాయముపై పండితులు నేటికిని వాదించుచున్నారు. అయినను తప్పు దొర్లుట మానలేదు. విద్యార్థులారా, యంత్రమును వాడుడు. కాని అది యిచ్చిన సమాధానమును పరీక్షింపక మీదిగా చెప్పుకొనకుడు. దానిని సరిచూచు భారము మీదే.